కండక్టర్ మెట్లు, డ్రైవర్ ప్యాంటు: వ్యాయామం గుండెను కాస్తుందని ఎలా తేలింది?

ఫౌజులో పీటీ ఎందుకని ఎవరూ అడగరు. ఈల మోగిందా, గ్రౌండులో ఉండాలి. మైలు పరుగు నుంచి బీపీఈటీ దాకా అన్నీ ఆర్డరు ప్రకారం జరిగిపోతుంటాయి. ఆ పరుగు లడాయిలో ఎందుకు పనికొస్తుందో కొత్తగా చేరిన రిక్రూటుకు కూడా తెలుసు. కానీ అదే పరుగు జబ్బును ఆపుతుందా, ఆయుష్షును పెంచుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి నమ్మదగిన జవాబు దొరికి డెబ్బై ఏళ్లు దాటింది, అంతే. అంతకు ముందు ఉన్నదల్లా నమ్మకమే. కొందరు మంచిదన్నారు, కొందరు ప్రాణాంతకమన్నారు. ఈ జవాబు వెతికిన కథలో మనబోటి వాళ్లకు ఆసక్తి కలిగించే సంగతులు చాలా ఉన్నాయి. అందులో యూనిఫాం ఉంది, యుద్ధంలో మరణించిన కుర్రవాళ్లున్నారు, హిమాలయాల్లో మన జవాన్లున్నారు. ఇక చివరి భాగమైతే యూనిఫాం విప్పేసిన వాళ్లకు మరీ ముఖ్యం.

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో భయం ఇప్పటి దానికి పూర్తిగా తలకిందులు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పడవ పందెం కుర్రవాళ్ల గుండెల్ని పాడుచేస్తుందనీ, అలా తెడ్డు వేసినవాళ్లు ఎక్కువకాలం బతకరనీ అక్కడి పెద్దలు వాదించేవారు. జాన్ మోర్గన్ అనే వైద్యుడు తానూ ఒకప్పుడు తెడ్డు పట్టినవాడే. ఈ మాట నిజమో కాదో లెక్క తేల్చాలని 1829 నుంచి 1869 వరకు ఆ పందేల్లో పాల్గొన్న 294 మంది వివరాలు సేకరించాడు. బతికున్నవాళ్లకు ఉత్తరాలు రాశాడు, పోయినవాళ్ల గురించి బంధుమిత్రుల్ని అడిగాడు. 1873లో పుస్తకం వేశాడు. జీవితబీమా లెక్కల ప్రకారం బతకవలసిన దానికంటే వాళ్లు సుమారు రెండేళ్లు ఎక్కువే బతుకుతున్నారని తేల్చాడు.

బాగానే ఉంది. కానీ ఒక మెలిక ఉంది. ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డులో చదివేవాడు డబ్బున్న ఇంటివాడు. కడుపునిండా తిండి, మంచి ఇల్లు, పిలిస్తే పలికే డాక్టరు. గనిలో, మిల్లులో పనిచేసేవాడితో కలిపి వేసిన సగటుకంటే వాడు ఎక్కువకాలం బతికితే ఆ గొప్ప తెడ్డుదా, డబ్బుదా?

ఈ మెలికను విప్పడానికి ప్రయత్నించినవారిలో ఒకరు మన తరహా మనిషే. బ్రిటిష్ వైమానిక దళంలో వైద్యాధికారిగా ఎయిర్ వైస్ మార్షల్ హోదా దాకా ఎదిగిన సర్ అలన్ రూక్, తర్వాత కేంబ్రిడ్జిలో పనిచేస్తూ 1954లో ఒక పరిశోధన ప్రచురించారు. 1860 నుంచి 1900 దాకా అక్కడ చదివిన 834 మంది క్రీడాకారుల్ని, అదే కాలంలో అక్కడే చదివిన మామూలు విద్యార్థులతోనూ, చదువులో మొదటి వరసలో నిలిచినవాళ్లతోనూ పోల్చారు. ఆటగాళ్ల సగటు ఆయుష్షు దాదాపు 68 ఏళ్లు. మామూలువాళ్లది అంతకు కాస్త తక్కువ. పుస్తకాల పురుగులు మాత్రం ఆటగాళ్లకంటే ఓ ఏడాదిన్నర ఎక్కువే బతికారు! చిన్నప్పుడు మనల్ని ఆటలు మాని చదువుకోమన్న మేష్టార్లు ఇది చూస్తే సంతోషించేవారు. అసలు సారాంశం ఏమిటంటే, సాటివాళ్లతో పోల్చేసరికి ఆటగాళ్ల ఆధిక్యం దాదాపు మాయమైపోయింది.

దీన్ని మనం సులభంగానే అర్థం చేసుకోగలం. రిక్రూట్‌మెంట్ ర్యాలీకి వచ్చిన వెయ్యి మందిలో పరుగు, కొలతలు, మెడికల్ అన్నీ దాటి మిగిలేది కొద్దిమందే. అలా జల్లెడపట్టిన జవాన్లను తీసుకొచ్చి, ఊళ్లో మిగతా కుర్రవాళ్లతో పోల్చి, చూశారా పీటీ మహిమ అంటే కుదరదు. వ్యాయామం వల్ల ఆరోగ్యం వచ్చిందా, ఆరోగ్యం ఉన్నవాడే వ్యాయామానికి వచ్చాడా? ఈ చిక్కు తీరనిదే అసలు ప్రశ్నకు జవాబు లేదు.

చిక్కును గట్టిగా పట్టుకున్నవారు జెర్రీ మోరిస్. 1910లో లివర్‌పూల్‌లో పుట్టి గ్లాస్గోలో పెరిగిన ఈయన, రెండో ప్రపంచ యుద్ధంలో రాయల్ ఆర్మీ మెడికల్ కోర్‌లో చేసిన కొలువులో కొంతకాలం భారతదేశంలోనే గడిపారు. యుద్ధం ముగిశాక లండన్‌లో మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ వారి సామాజిక వైద్య విభాగానికి అధిపతి అయ్యారు. అప్పట్లో బ్రిటన్‌లో గుండెపోటు మరణాలు ఏటేటా పెరుగుతున్నాయి. కారణం ఎవరికీ అంతుబట్టడం లేదు. మనిషి చేసే పనికీ ఈ జబ్బుకూ ఏమైనా లంకె ఉందేమోనని ఆయనకు అనుమానం వచ్చింది.

అందుకు ఆయన ఎంచుకున్నది లండన్ రవాణా సంస్థ బస్సుల్ని. ఒకప్పుడు సికింద్రాబాదులో డబుల్ డెక్కర్ ఎక్కినవారికి ఈ దృశ్యం చెప్పనక్కరలేదు. డ్రైవరు షిఫ్టులో నూటికి తొంభై వంతులు కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్ల కోసం కింది నుంచి పైకి, పై నుంచి కిందికి తిరుగుతూనే ఉంటాడు. మోరిస్ మనుషులు బస్సుల్లో కూర్చుని మరీ లెక్కపెట్టారు. ఒక కండక్టరు రోజుకు 500 నుంచి 750 దాకా మెట్లు ఎక్కుతున్నాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే ఊరు, ఇంచుమించు ఒకే తరగతి జీవితం. ధనిక, పేద తేడా అనే మెలిక ఇక్కడ చాలావరకు పోయింది. 1949, 1950 సంవత్సరాల్లో 35 నుంచి 64 ఏళ్ల మధ్య వయసున్న సుమారు 31,000 మంది రవాణా ఉద్యోగుల జబ్బు రికార్డులు పరిశీలించారు. గుండె ధమనుల జబ్బు డ్రైవర్లలో ఏడాదికి వెయ్యికి 2.7 మందికి వస్తే, కండక్టర్లలో 1.9 మందికి వచ్చింది. అంతకంటే ముఖ్యమైన విషయం, కండక్టర్లకు జబ్బు వచ్చినా ఆలస్యంగా వచ్చింది, తీవ్రత కూడా తక్కువ. మొదటి పోటులోనే ప్రాణం పోవడం డ్రైవర్లలోనే ఎక్కువ.

ఫలితం చేతికి రాగానే మోరిస్ అచ్చుకు పరుగెత్తలేదు. బస్సుల్లో కనిపించింది వేరేచోట కనిపించకపోతే అది కాకతాళీయమే కావచ్చు. అందుకని తపాలా శాఖకు వెళ్లారు. కాలినడకనో సైకిలు మీదో ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్‌లను, కుర్చీలో కూర్చుని పనిచేసే గుమాస్తాలతోనూ టెలిఫోన్ ఆపరేటర్లతోనూ పోల్చారు. అక్కడా అదే తేడా. అప్పుడు, 1953లో, లాన్సెట్ పత్రికలో వ్యాసం వెలువడింది. చాలామంది వైద్యులు పెదవి విరిచారు. కొలెస్టరాల్, రక్తపోటు, పొగాకు అంటే సరే గానీ, మెట్లెక్కితే గుండెపోటు తగ్గుతుందా అని నవ్వినవాళ్లూ ఉన్నారు.

మోరిస్‌కు మాత్రం పాత మెలికే మనసులో మెదులుతోంది. లావుగా, బద్ధకంగా ఉండేవాడే డ్రైవరు పని ఎంచుకుంటున్నాడేమో! ఏ ఉద్యోగి ఎప్పుడు ఎంత లావున్నాడో చెప్పే రికార్డు ఎక్కడుంటుంది? ఉంది, యూనిఫాం స్టోర్సులో. రవాణా సంస్థ ప్రతి ఉద్యోగికీ యూనిఫాం ఇచ్చేది. దానికోసం తీసుకున్న ప్యాంటు నడుము కొలత రిజిస్టర్లలో భద్రంగా ఉంది. 1956లో అదే లాన్సెట్‌లో ఆయన బృందం రాసిన చిన్న వ్యాసం ఆ కొలతల మీదే. వైద్యశాస్త్ర చరిత్రలో క్వార్టర్‌మాస్టరు రిజిస్టరు లాంటి కాగితాన్ని ఇంత బాగా వాడుకున్న సందర్భం ఇంకొకటి నాకు తెలియదు. ఏ వయసులో చూసినా డ్రైవర్ల నడుము కండక్టర్ల నడుముకంటే ఎక్కువే. చిన్న వయసు డ్రైవర్లలో కూడా ఆ తేడా ఉంది. అంటే అనుమానం కొంత నిజమే, ఎంపికలోనే తేడా ఉంది.

తన సిద్ధాంతాన్ని దెబ్బతీయగల సాక్ష్యాన్ని తానే వెతికి, తానే అచ్చువేసిన మనిషి ఈయన. అక్కడితో ఆగనూ లేదు. సన్నని నడుము డ్రైవరును సన్నని నడుము కండక్టరుతోనూ, మధ్యరకాన్ని మధ్యరకంతోనూ, బొజ్జను బొజ్జతోనూ జతచేసి చూశారు. అలా చూసినా హఠాన్మరణాలు డ్రైవర్లలోనే ఎక్కువని తేలింది. అంటే ఎంపిక ఉన్నా, తేడా మొత్తాన్ని అది వివరించలేదు. మెట్లకు మెట్ల పాత్ర ఉంది.

మోరిస్ బస్సుల వ్యాసం వచ్చిన 1953లోనే అమెరికా సైనిక వైద్యులు మరో భయంకరమైన నిజం బయటపెట్టారు. కొరియా యుద్ధంలో మరణించిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెల్ని శవపరీక్షలో పరిశీలించారు. వాళ్ల సగటు వయసు 22. మెడికల్ పాసై, ట్రైనింగ్ చేసి, యుద్ధరంగంలో నిలిచిన కుర్రవాళ్లు. వారిలో 77 శాతం మందికి గుండె ధమనుల్లో జబ్బు ఆనవాళ్లు కనిపించాయి. కొందరిలో గోడ కాస్త మందమెక్కడం మాత్రమే, కొందరిలో నాళం దాదాపు మూసుకుపోవడం. షేప్-1 అనిపించుకున్న శరీరం లోపల కూడా ఈ పని ఇరవై ఏళ్లకే మొదలవుతుందన్నమాట.

మరి వ్యాయామం చేసేదేమిటి? దీనికి 1958లో మోరిస్ ఒక ఆధారం చూపించారు. బ్రిటన్ అంతటా ఆసుపత్రుల నుంచి సుమారు 5,000 శవపరీక్షల నివేదికలు తెప్పించి చూస్తే, ధమని గోడల్లో కొవ్వు పేరుకోవడం బరువు పని చేసేవాళ్లలోనూ కుర్చీ పనివాళ్లలోనూ ఇంచుమించు ఒకేలా ఉంది. కానీ గుండె కండరం మీద పాత పోటు మిగిల్చిన మచ్చలు మాత్రం బరువు పని చేసేవాళ్లలో బాగా తక్కువ. జబ్బు బీజం ఇద్దరిలోనూ పడుతోంది. అది గుండెను చంపే స్థితికి రావడంలోనే తేడా.

ఇదే రోజుల్లో మన దేశంలోనూ ఒక మంచి పరిశోధన జరిగింది. ఫ్రాన్సు సైన్యంలో యుద్ధం చేసి పతకాలు పొందిన జాన్ మేయర్ అనే పోషకాహార శాస్త్రవేత్త, భారతీయ సహచరులతో కలిసి పశ్చిమ బెంగాల్లో లడ్లో జనపనార మిల్లు కార్మికులను పరిశీలించారు. ఒకే మిల్లు చుట్టూ 213 మంది. దుకాణంలో రోజంతా కూర్చునేవాళ్లు, గుమాస్తాలు, మరమనుషుల్లా బేళ్లు మోసే కూలీలు. 1956లో వచ్చిన ఫలితం ఏమిటంటే, పని పెరిగినకొద్దీ తిండి పెరిగింది, బరువు మాత్రం పెరగలేదు. కానీ అస్సలు కదలనివాళ్లు తక్కువ తినాలి కదా? తినలేదు. కష్టపడేవాళ్లకు దీటుగా తిన్నారు, వాళ్లే అందరికంటే లావు. అంటే కదలిక ఒక హద్దుకంటే తగ్గితే ఆకలి సరైన లెక్క చెప్పదు. లంగరులో తిన్న అలవాటు రిటైరయ్యాక కూడా వదలని వాళ్ల నడుముకు ఏమవుతుందో ఈ కాగితంలో ఉంది.

అయితే వ్యాయామమే సర్వస్వమని చెప్పేవాళ్లను కూడా నమ్మనక్కరలేదు. మన రైల్వే వైద్యాధికారి ఎస్.ఎల్. మల్హోత్రా దేశమంతటా పదకొండు లక్షలకు పైగా రైల్వే ఉద్యోగుల లెక్కలు తీసి 1967లో ప్రచురించారు. గుండెపోటు మరణాలు ఉత్తరాదికంటే దక్షిణాదిలో ఏడు రెట్లు ఎక్కువని తేలింది. అందరూ రైల్వే వాళ్లే. కారణం ఆయన వంటనూనెల్లో, కొవ్వుల్లో వెతికారు. ఆ వివరణను ఇప్పుడు ఎవరూ ఉన్నదున్నట్టు ఒప్పుకోరు. కానీ దక్షిణాదివాళ్లం కాబట్టి ఆ అంకె మనం మరిచిపోకూడనిది.

ఇక కొండలు. 1962లో మైదానాల నుంచి హఠాత్తుగా ఎత్తు ప్రాంతాలకు చేరవేసిన మన జవాన్లలో ఎందరో శత్రువు కనబడకముందే ఊపిరితిత్తుల్లో నీరు చేరి కుప్పకూలారు. న్యుమోనియా అనుకున్న ఆ జబ్బు న్యుమోనియా కాదని తేల్చడంలో మన సైనిక వైద్యుల పాత్ర ప్రపంచం గుర్తించింది. డాక్టర్ ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1965లో 332 కేసుల వివరాలు లాన్సెట్‌లో ప్రచురించారు. 1969లో 1,925 మంది సైనికుల్లో పర్వత వ్యాధి లక్షణాల మీద రాసిన వ్యాసం ఈనాటికీ ఆ రంగంలో చదవవలసినదే. అందులోంచీ తర్వాతి అనుభవంలోంచీ తేలిన గుణపాఠం ఇది: పరుగులో మొదట వచ్చినవాడిని కూడా ఈ జబ్బు వదలదు. ఫిట్‌నెస్ కాదు, శరీరాన్ని ఎత్తుకు నెమ్మదిగా అలవాటు చేయడమే రక్ష. లేహ్‌లో దిగగానే రోజుల తరబడి విశ్రాంతి ఎందుకని విసుక్కున్న ప్రతి ఒక్కరికీ ఇదే జవాబు.

ఇందర్ సింగ్ బృందమే 1965 నుంచి 1972 దాకా ఎత్తు ప్రాంతాల్లోని 20,000 మందిని, మైదానాల్లోని 1,30,000 మందిని పోల్చి చూసింది. పైన ఉన్నవాళ్లలో రక్తపోటు, మధుమేహం, గుండెపోటు తక్కువని 1977లో ప్రకటించింది. సంతోషించే లోపల మన పాత ప్రశ్న వేసుకోవాలి. ఏదైనా జబ్బు ఉన్నట్టు తేలినవాడిని మెడికల్ బోర్డు అసలు పైకి పంపుతుందా? జల్లెడ ఇక్కడా ఉంది.

జల్లెడ సంగతి తేల్చడానికి ఒక దారి ఉంది. ఒకే మనిషి మారితే ఏమవుతుందో చూడటం. ఆ పని చేసింది అమెరికాలో రాల్ఫ్ పాఫెన్‌బార్గర్. మొదట ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో సరుకు మోసే 6,351 మంది కూలీలను 22 ఏళ్లపాటు గమనించి, బరువు పని చేసేవాళ్లలో గుండెపోటు మరణాలు తక్కువని 1975లో చూపించారు. అసలు దెబ్బ 1978 నాటిది. 1916 నుంచి 1950 వరకు హార్వర్డ్‌లో చేరిన 16,936 మంది పూర్వ విద్యార్థుల జీవితం మీద పరిశోధన అది. కాలేజీలో ఎవరు టీముల్లో ఆడారో రికార్డుంది. నడివయసులో ఎవరు ఎంత నడుస్తున్నారో, ఎన్ని మెట్లెక్కుతున్నారో, ఏం ఆడుతున్నారో ఉత్తరాలు రాసి అడిగారు. వారానికి 2,000 కేలరీలకంటే తక్కువ శ్రమ చేసేవాళ్లకు గుండెపోటు ముప్పు మిగతావాళ్లకంటే 64 శాతం ఎక్కువ.

అందులోనే మనకు కావలసిన వాక్యం ఉంది. కాలేజీ రోజుల్లో స్టార్ ఆటగాడై, ఆ తర్వాత కుర్చీకి అతుక్కుపోయినవాడికి పాత ఆట ఏ రక్షణా ఇవ్వలేదు. ఆటగాళ్లలో కదలిక కొనసాగించినవాళ్లకే ముప్పు తగ్గింది. కాలేజీలో ఏ ఆటా ఆడకపోయినా తర్వాత కదలడం మొదలుపెట్టినవాళ్లకూ ఆ మేలు దక్కింది. ఫిట్‌నెస్‌కు పెన్షన్ లేదన్నమాట. పుట్టుకతో వచ్చిన గట్టిదనమే కారణమైతే, పాత ఆటగాళ్లందరికీ అది కలకాలం ఉండాలి కదా. లేదు. మోరిస్ మొదలుపెట్టిన వాదానికి ఇంతకంటే గట్టి ఆధారం ఆ రోజుల్లో మరొకటి లేదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ సందర్భంగా, క్రీడా శాస్త్రాలకు మొట్టమొదటిసారి ఇచ్చిన ఒలింపిక్ బహుమతిని ఈ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. నలభై దాటాక పరుగు మొదలుపెట్టిన పాఫెన్‌బార్గర్ ఎన్నో మారథాన్లు పరుగెత్తి 2007లో కన్నుమూశారు. మోరిస్ తొంభైల్లో కూడా వ్యాయామం మానలేదు. 2009లో 99వ ఏట పోయారు.

మోరిస్ కూడా తర్వాత బస్సులు వదిలి ప్రభుత్వ ఉద్యోగుల మీద పడ్డారు. ఆఫీసుల్లో శ్రమ మాయమైపోతోంది, ఇక మిగిలింది సెలవు వేళల్లో చేసే వ్యాయామమే అని ఆయనకు అర్థమైంది. 45 నుంచి 64 ఏళ్ల మధ్య వయసున్న 9,376 మందిని తొమ్మిదేళ్లకు పైగా గమనించి 1990లో చెప్పిన మాట ఇది: గట్టిగా ఆటలాడేవాళ్లు, బాగా సైకిలు తొక్కేవాళ్లు, వేగంగా నడిచేవాళ్లు గుండెపోటుకు గురికావడం మిగతావాళ్లలో సగంకంటే తక్కువ. ఒకప్పుడు ఆడి మానేసినవాళ్లకు లాభం లేదు. వేగమంటే ఎంత? గంటకు నాలుగు మైళ్లకు మించి, అంటే 6.4 కిలోమీటర్లు. మన క్విక్ మార్చ్ లెక్క వేసుకోండి. నిమిషానికి 120 అడుగులు, అడుగుకు 30 అంగుళాలు, వెరసి గంటకు ఐదున్నర కిలోమీటర్లు. అంటే మోరిస్ అడిగింది పరేడ్‌కంటే చురుకైన నడక. కాలనీ పార్కులో డీఏ గురించీ ఓఆర్ఓపీ గురించీ మాట్లాడుకుంటూ వేసే రౌండ్లు ఆ లెక్కలోకి రావు.

ఇంతవరకూ చెప్పినవన్నీ మగవాళ్ల మీద చేసినవే అని గమనించే ఉంటారు. ఆడవాళ్ల సంగతి ఆలస్యంగా పట్టించుకున్నారు. 1999లో అమెరికాలో 72,488 మంది నర్సుల మీద వచ్చిన ఫలితాల ప్రకారం, వారానికి మూడు గంటలైనా చురుగ్గా నడిచేవాళ్లకు ముప్పు 30 నుంచి 40 శాతం తగ్గింది. అక్కడ చురుకైన నడకంటే గంటకు మూడు మైళ్లు, అంటే మోరిస్ కోరినంత కఠినం కాదు. ఇల్లు, పిల్లలు, పోస్టింగులతో సగం జీవితం సర్దుకుపోయిన మన ఇంటి ఇల్లాళ్లకు ఈ వార్త ఎంతమంది చెప్పామో!

చివరిగా ఒక హెచ్చరిక లాంటి అంకె. 1993లో అమెరికాలో 1,228 మంది గుండెపోటు రోగులను, పోటు రాకముందు గంటలో ఏం చేశారని అడిగారు. భారీ శ్రమ తర్వాత గంటలో ముప్పు సగటున ఆరు రెట్లు పెరుగుతోంది. వారానికి అయిదుసార్లు, అంతకు పైగా వ్యాయామం చేసేవాళ్లలో ఆ పెరుగుదల రెండున్నర రెట్లు కూడా లేదు. ఎప్పుడూ కదలనివాళ్లలో వంద రెట్లు దాటింది. విడిగా ఆ ఒక్క గంటలో వచ్చే ప్రమాదం చిన్నదే, కాబట్టి బెదిరిపోనక్కరలేదు. కానీ నలభై దాటకుండానే పెన్షన్ కాగితాలు పుచ్చుకుని, ఆ తర్వాత పదేళ్లు సెక్యూరిటీ క్యాబిన్ కుర్చీలో గడిపినవాడు, రైజింగ్ డే రీయూనియన్‌లో కుర్ర జవాన్లు పిలిచారని టగ్ ఆఫ్ వార్ తాడు పట్టుకునే ముందు ఈ అంకె తెలిసి ఉండాలి. అతని పక్కనే అదే వయసువాడు, అదే బ్యాచ్‌మేట్, రోజూ పొద్దున్నే నడిచి వచ్చినవాడు, అదే తాడు పట్టుకుంటే అతని లెక్క వేరు.